లిబరల్ ఆర్ట్స్ ప్రోగ్రామ్ మొదలుపెడుతున్నారా? సిలబస్ పక్కన పెట్టి వర్క్‌లోడ్ తేల్చుకోండి

కొత్త క్యాంపస్‌లో లిబరల్ ఆర్ట్స్ ప్రోగ్రామ్ (సాహిత్యం, చరిత్ర, సైన్సు లాంటివి కలిపి చదివే డిగ్రీ) బాధ్యత మీకు అప్పగించగానే అందరూ అడిగేది కోర్సుల జాబితా. అప్పుడే ఇవ్వకండి. జాబితా బయటికొస్తే ప్రతి డిపార్ట్‌మెంటూ తన వాటా కోసం పట్టుబడుతుంది. చివరికి మిగిలేది ఒకదానితో ఒకటి మాట్లాడుకోని పది సబ్జెక్టులు.

ముందు వర్క్‌లోడ్ నియమం, అంటే ఒక్కో టీచర్ ఎన్ని కోర్సులు చెప్పాలన్న లెక్క, రాతపూర్వకంగా తీసుకోండి. ఇద్దరు టీచర్లు కలిసి ఒక కోర్సు చెబితే, అది ఇద్దరికీ పూర్తి కోర్సుగానే లెక్కకు రావాలి. చెరి సగం అన్నారంటే ఒకరు ఈ వారం, ఇంకొకరు పై వారం వచ్చి పాఠం చెప్పి వెళ్లిపోతారు. విద్యార్థికి కావలసింది వాళ్లిద్దరూ ఒకే గదిలో వాదించుకోవడం. ఖర్చు ఎక్కువే, కాబట్టి మొదటి ఏడాది అలాంటిది ఒక్కటే పెట్టండి. కానీ అది అందరూ చదవాలి. కొలంబియా యూనివర్సిటీ 1919లో యుద్ధం, శాంతి ప్రశ్నలతో మొదలుపెట్టిన ఉమ్మడి కోర్సు ఇప్పటికీ నడుస్తోంది.

ఆ కోర్సుకు పెద్ద పేరున్న అంశం కాకుండా, చేత్తో పట్టుకోగలిగిన సమస్య ఎంచుకోండి. నాకు ఎప్పుడూ పనికొచ్చింది 1854 లండన్ కలరా. కలరా నీళ్ల ద్వారా వస్తుందని వాదిస్తూ, బ్రాడ్ స్ట్రీట్ నీళ్ల పంపు చుట్టూ మరణాలను గుర్తించిన డాక్టర్ జాన్ స్నో మ్యాప్ బల్లమీద పరిస్తే పిల్లలు వెంటనే "పంపు హ్యాండిల్ పీకేశారు, జబ్బు ఆగింది" అంటారు. అక్కడ స్టాటిస్టిక్స్ టీచర్ అడ్డుపడాలి: హ్యాండిల్ తీసేనాటికే మరణాలు తగ్గుముఖం పట్టాయి, జనం ఊరొదిలి పోయారు, మరి ఏది రుజువైనట్టు? దగ్గర్లోని బీరు తయారీ కేంద్రం పనివాళ్లు ఎందుకు చావలేదు? చరిత్ర టీచర్ ఇంకో ముడి వేస్తారు: చెడుగాలి వల్లే జబ్బులని నమ్మిన అధికారులు స్నో నీళ్ల వాదనను ఎందుకు ఒప్పుకోలేదు? ఆ గంటలో ఏ సబ్జెక్టు ఎక్కడ అయిపోయిందో ఎవరికీ గుర్తుండదు. మీరు కట్టాల్సింది అదే.

నియామకాల దగ్గర గట్టిగా ఉండండి. రెండు డిపార్ట్‌మెంట్ల మధ్య ఉద్యోగమిస్తే, ప్రమోషన్ ఎవరు నిర్ణయిస్తారో, కలిసి చెప్పిన కోర్సుకు ఎంత విలువో నియామక పత్రంలోనే ఉండాలి. లేకపోతే నష్టపోయేది వయసులో చిన్నవాళ్లే, మీ మాట నమ్మి వచ్చినవాళ్లు.

వీలైతే మొదటి బ్యాచ్ రాకముందే కొందరు విద్యార్థులను పిలిచి కోర్సులు వాళ్ల మీద నడిపి చూడండి. అమెరికాలోని ఓలిన్ ఇంజనీరింగ్ కాలేజీ 2001లో ముప్పైమందితో ఒక ఏడాది అలాగే గడిపింది.

బడ్జెట్‌కు విడి పద్దు అడగండి, మాతృసంస్థతో ఒప్పందం పక్కాగా రాసుకోండి. అమెరికాలోని యేల్, నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ సింగపూర్ (ఎన్‌యూఎస్) కలిసి సింగపూర్‌లో పెట్టిన యేల్-ఎన్‌యూఎస్ కాలేజీ 2013లో విద్యార్థులను చేర్చుకుంది. చదువుకు మంచి పేరే వచ్చింది. అయినా 2021లో మూసివేత నిర్ణయం పైనుంచి, మాతృసంస్థ ఎన్‌యూఎస్ నుంచి వచ్చింది.

బిల్డింగ్ ప్లాన్ ఇంకా ఖరారు కాకపోతే ఇప్పుడే వెళ్లి కుర్చీలు జరుపుకోగలిగే గదులు, టైంటేబుల్‌లో విడదీయని రెండు గంటల పీరియడ్లు అడిగి పెట్టుకోండి. బెంచీలు నేలకు బిగించాక అడిగితే ఇవ్వరు.