పాత నాణేలు వేలానికి ఇచ్చి నష్టపోతున్నారా? డబ్బు ఎక్కడ జారిపోతుందంటే

తాతగారి పెట్టెలో దొరికిన నిజాం కాలపు హాలీ రూపాయలు (హైదరాబాద్ సంస్థానం సొంత వెండి నాణేలు) ఓ వేలం సంస్థకిచ్చి బాగానే దెబ్బతిన్నాను. అందుకే ఇది రాస్తున్నా.

సమస్య: పాట 20,000 దగ్గర ఖాయమైంది, చేతికి అంత రాలేదు.
కారణం: కమిషన్ 10 శాతం అనుకుంటే 2,000 పోయింది, దాని మీద 18 శాతం జీఎస్టీ 360, మిగిలింది 17,640. ఫొటోలకు, ఇన్సూరెన్సుకు కోత ఉంటే అది వేరే. కొనేవాడు కూడా పాట ధర మీద సంస్థకి ప్రీమియం అని అదనపు రుసుము కట్టాలి కాబట్టి అది ముందే లెక్కేసుకుని తగ్గించి పాడతాడు, అంటే ఆ భారమూ మన నెత్తినే.
పరిష్కారం: సంతకం పెట్టకముందే "20,000కి పోతే నా ఖాతాలో ఎంత పడుతుంది?" అని అడిగి ఆ అంకె రాయించుకోండి. సరుకు మంచిదైతే కమిషన్ బేరమాడొచ్చు.

సమస్య: మంచి నాణెం గుంపులో కొట్టుకుపోయింది.
నాకు జరిగింది ఇదే. నాణెం మీది చార్మినార్ బొమ్మ ద్వారంలో 'మీమ్' (م) అనే ఉర్దూ అక్షరం ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ రూపాయి, 'ఐన్' (ع) ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఆ ఐన్ కూడా మొదట్లో పొట్టిగా, తర్వాత పూర్తిగా వేశారు, కేటలాగుల్లో ఇవి వేర్వేరు రకాలు. కౌంటర్లో కుర్రాడు భూతద్దమైనా తియ్యకుండా "హైదరాబాద్ వెండి రూపాయలు, 38" అని ఒకే లాట్ (కలిపి వేలం వేసే గుంపు) రాసేశాడు, నేనూ తలూపాను. మీరు మాత్రం ఇంట్లోనే ద్వారం చూసి, హిజ్రీ సంవత్సరం, బరువు (11.18 గ్రాములకు కాస్త అటూ ఇటూ) రాసుకుని, రెండు వైపులా ఫొటో తీసి, తేడాగా ఉన్నవాటికి విడి లాట్ అడగండి.

అన్నట్టు, పండక్కి ఇత్తడి సామాన్లతో పాటు మా అమ్మ వాటినీ చింతపండుతో తోమేసింది. తళతళలాడాయి, రేటు పడిపోయింది. నాణేలు సేకరించేవాళ్లకు కావాల్సింది ఆ పాత రంగే. దీనికి పరిష్కారం లేదు, తోమకండి.

సమస్య: అసలు అమ్ముడే పోలేదు.
రిజర్వు ధర (ఇంతకన్నా తక్కువకి అమ్మొద్దని పెట్టే ధర) ఎక్కువ పెట్టి ఉంటారు. వెంటనే మళ్లీ పెడితే పాత ముఖాలే వచ్చి ఇంకా తక్కువకి అడుగుతాయి, కొన్నాళ్లు ఆగండి. వెనక్కి తీసుకుంటే చార్జీ ఉందేమో ఒప్పందంలో చూడండి. కొన్నవాడు డబ్బు కట్టకపోతే నాణెం ఎన్ని రోజుల్లో తిరిగిస్తారన్నదీ అందులోనే ఉండాలి, లేకపోతే రాయించండి.

సమస్య: విదేశీ వేలంలో ఎక్కువొస్తుందట, పంపొచ్చా?
వద్దు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణేన్ని మనం సొంతంగా దేశం దాటించకూడదు, ఉస్మాన్ అలీ ఖాన్ తొలి రూపాయలు ఎప్పుడో నూరు దాటేశాయి.