ఒప్పుకున్న పాపంలోనే మళ్లీ పడుతుంటే ఏం చేయాలి

యేసును అప్పగించిన యూదా పశ్చాత్తాపపడ్డాడనే మన తెలుగు బైబిల్లో ఉంది (మత్తయి 27:3). పాపం చేశానని నోటితో ఒప్పుకున్నాడు, ముప్పై వెండి నాణేలూ తిరిగిచ్చేశాడు. కాకపోతే వెళ్లింది యాజకుల దగ్గరికి. కొన్ని గంటల ముందు యేసు ఎవరో తెలియదని బొంకిన పేతురూ వెక్కివెక్కి ఏడ్చాడు. యేసు తిరిగి లేచాక, ఒడ్డున ఉన్నది ప్రభువేనని తెలియగానే పడవ చేరేదాకా ఆగలేక నీళ్లలోకి దూకాడు. పశ్చాత్తాపం అంటే పని జరిగాక రగిలే తాపం. మారుమనస్సు అంటే ఆ తాపంతో ఎవరి వైపు తిరిగామన్నది.

ఫోన్లో క్రికెట్ బెట్టింగునే తీసుకుందాం. తాగుడైనా, రాత్రిపూట చూడకూడని వీడియోలైనా, నోటి దురుసైనా పద్ధతి ఇదే.

మొదట, పడిన వెంటనే ప్రార్థించండి. చాలామంది మొహం చెల్లక రెండు మూడు రోజులు దేవునికి దూరంగా ఉంటారు. కాస్త మంచిగా ఉండి, ఒక పూట ఉపవాసం చేసి, అప్పుడు వస్తారు. అది వినయంలా కనిపిస్తుంది గానీ నిజానికి సొంత డబ్బుతో బాకీ తీర్చే ప్రయత్నం. పైగా ఆ రెండు రోజుల్లోనే రెండోసారి పడటం ఎక్కువ: ‘ఎలాగూ పాడయ్యాను కదా’ అనిపిస్తుంది. హెబ్రీ 4:16 కృపాసనం, అంటే దయ చూపే దేవుని సింహాసనం, దగ్గరికి ధైర్యంగా రమ్మంటున్నది సహాయం అవసరమైన వేళలోనే.

ఒప్పుకోలులో పాపానికి పేరు పెట్టండి. ‘తెలిసీ తెలియక చేసిన పాపాలన్నీ క్షమించు తండ్రీ’ అన్న మాట ఆదివారం సంఘమంతా కలిసి చెప్పడానికి బాగుంటుంది, గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం అది దాక్కునే చోటు. ఇలా చెప్పి చూడండి: ‘ప్రభువా, నిన్న రాత్రి చీటీ కట్టాల్సిన 10,000 రూపాయలు బెట్టింగులో పెట్టాను. జీతం ఇంకా పడలేదని ఇంట్లో అబద్ధమాడాను. పోయిన నెల పోయింది రాబట్టాలన్న ఆశతో చేశాను.’ చేసిన పని, దాన్ని కప్పిన అబద్ధం, కింద ఉన్న ఆశ: మూడూ రావాలి. మూడోది వదిలేస్తే వేరు భూమిలోనే ఉంటుంది. ‘సాతాను పడేశాడు’ అనకండి. యాకోబు 1:14 మన సొంత దురాశనే చూపిస్తుంది. 51వ కీర్తనలో దావీదు ‘నా అతిక్రమములు’, ‘నా పాపము’ అంటాడే తప్ప తాను వ్యభిచరించిన బత్షెబ మీద ఒక్క మాట వేయడు.

దీనికి ఐదు నిమిషాలు చాలు. తర్వాత 1 యోహాను 1:9 పైకి చదవండి. దేవుడు ‘నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక’ క్షమిస్తాడని ఉంది. సిలువ దగ్గర వెల చెల్లింది కాబట్టి, క్షమించడం ఆయన న్యాయానికే చెందిన పని. అక్కడితో ఆపండి. అదే పాపాన్ని వారమంతా తిరిగి తిరిగి ఒప్పుకోవడం ఆ వచనాన్ని నమ్మకపోవడమే.

ఇక ఒట్ల సంగతి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ‘ఇంకెప్పుడూ చేయను’ అని చేసిన తీర్మానం చాలాసార్లు సంక్రాంతి దాటదు. బరువంతా మన పట్టుదల మీదే వేశాం మరి. రోమా 6వ అధ్యాయం వరుస వేరు: ముందు 11వ వచనంలో క్రీస్తుతో పాపం విషయమై చచ్చిన వాళ్లమని లెక్కించుకోవాలి, తర్వాత 13లో అవయవాలను దేవునికి అప్పగించాలి, ‘పాపము మీమీద ప్రభుత్వము చేయదు’ అన్న మాట 14లో వస్తుంది. కారణమూ అక్కడే ఉంది: మనం కృపకు లోనైనవాళ్లం. పొద్దున లేవగానే, ఫోన్ ముట్టుకోకముందే, ఆ నాలుగు వచనాలూ చదివి చేతులు, కళ్లు, డబ్బు పేరుపేరునా అప్పగించండి. ఈ ఒక్క రోజుకే.

తర్వాత గుమ్మం దగ్గర పోరాడండి. బెట్ పెట్టే బటన్ మీద వేలు ఉన్నప్పుడు గెలవడం కష్టం. అక్కడి నుంచి వెనక్కి నడుచుకుంటూ రండి: దానికి ముందు స్కోరు చూశారు, దానికి ముందు మ్యాచ్ గ్రూపు తెరిచారు, దానికి ముందు అందరూ పడుకున్నాక ఫోన్ పట్టుకుని మంచం ఎక్కారు. తెగాల్సింది ఆ చివరిది. యాప్ తీసేయండి, గ్రూపులోంచి బయటికి రండి, చార్జరు హాల్లో పెట్టండి, యూపీఐ కలిపిన ఖాతాలో వారం ఖర్చుకు మించి ఉంచకండి. శరీరానికి ఏర్పాట్లు చేయవద్దని రోమా 13:14 అంటున్నది ఇదే. ఖాళీ అయిన ఆ గంటలో ఏదో ఒకటి పెట్టండి. ఊడ్చి ఖాళీగా వదిలిన ఇంటికి ఏడు దయ్యాలు వచ్చాయని ప్రభువే చెప్పాడు (మత్తయి 12).

డబ్బు తిరిగివ్వండి. సంఖ్యాకాండము 5:7లో సొమ్ముకు ఐదో వంతు కలిపి ఇవ్వమని ఉంది, అంటే 10,000కు 12,000. పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలిస్తానన్నాడు. ఆ లెక్కే పాటించాలని లేదు గానీ, అసలు ఎగ్గొట్టి క్షమాపణ పాట పాడితే ఇంట్లోవాళ్లు నమ్మరు. జక్కయ్య మాట ఇచ్చింది యేసు తన ఇంటికి వస్తానన్నాకే అన్నది మరవకండి. తిరిగివ్వడం క్షమాపణకు కట్టే వెల కాదు.

ఒక్కరికి చెప్పండి (యాకోబు 5:16). ఉపవాస కూటంలో మైకు పట్టుకుని కాదు. అక్కడ చెప్పింది ‘అన్న కోసం ప్రార్థించండి’ అన్న పేరుతో సాయంత్రానికల్లా వీధంతా తిరుగుతుంది. నోరు జారని, మిమ్మల్ని చూసి జాలిపడి వదిలేయని విశ్వాసి కావాలి. పురుషునికి పురుషుడు, స్త్రీకి స్త్రీ. వారానికోసారి ఆ విశ్వాసి అడిగే ప్రశ్నలు రెండు చాలు: ‘ఈ వారం పడ్డావా? నాకు అబద్ధం చెప్పావా?’ భార్య డబ్బు పోతే భార్యకూ చెప్పాల్సిందే.

రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ప్రార్థన చేయించుకుని ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ముందు డాక్టరును కలవండి. టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఇది విశ్వాసం తక్కువై చేసే పని కాదు.

పడ్డామని నెలల తరబడి బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు భోజనానికి, దూరంగా ఉండటం మన సంఘాల్లో మామూలే. 1 కొరింథీ 11:28 చదవండి: పరీక్షించుకొని, ‘ఆలాగుచేసి’ రొట్టె తినమంటుంది, మానమని కాదు. పాపాన్ని వదలనని మొండికేసినవాళ్ల సంగతి వేరు. పోరాడుతూ పడినవాళ్లు పాస్టరు గారితో మాట్లాడి రావాలి.

మళ్లీ పడితే ఒక కాగితం మీద ఆ రోజు, గంట, అంతకు ముందు జరిగింది రాసుకోండి. జీతం పడిన రాత్రో, ఇంట్లో గొడవైన సాయంత్రమో, నాలుగైదుసార్లు రాసేసరికి ఏదో ఒకటి తిరిగి తిరిగి కనిపిస్తుంది. ఆ కాగితం మిమ్మల్ని వారం వారం అడిగే ఆ ఒక్కరికీ చూపించండి.