టెస్ట్ మేనేజ్‌మెంట్ టూల్ కొనే ముందు: మీ టీమ్‌కు ఇబ్బంది ఎక్కడుందో చూసుకోండి

"మా టీమ్‌కు ఏ టూల్ మంచిది?" అని క్యూఏ వాళ్లు (సాఫ్ట్‌వేర్ నాణ్యత పరీక్షించేవాళ్లు) నన్ను తరచూ అడుగుతుంటారు. నేను తిరిగి అడిగేది ఒకటే: ఇప్పుడు మీకు పని ఎక్కడ ఆగిపోతోంది? దానికి జవాబు దొరక్కుండా టెస్ట్‌రెయిల్, ఎక్స్‌రే, జెఫైర్, అజూర్ టెస్ట్ ప్లాన్స్ అంటూ పేర్లు పోల్చుకుంటూ కూర్చుంటే, డెమో ఎవరు బాగా చూపిస్తే వాళ్లదే కొనేస్తాం. ఆరు నెలలకు మళ్లీ ఎక్సెల్ దగ్గరికే వస్తాం. హైదరాబాద్‌లో టెస్టింగ్ పని చేస్తూ ఇలా వెనక్కి రావడం నేను మూడు టీమ్‌లలో చూశాను. అందుకే ఇక్కడ టూల్స్ వరసలో కాకుండా ఇబ్బందుల వరసలో రాస్తున్నాను. మీ టీమ్‌లో ఏ మాట వినిపిస్తోందో ముందు అది చదవండి.

"రేపు రిలీజ్. ఏది టెస్ట్ అయింది, ఏది కాలేదు?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి గంట పడుతోందంటే కారణం చాలాసార్లు ఒకటే. ఎక్సెల్‌లో టెస్ట్ కేసు (ఏం చేస్తే ఏం రావాలో చెప్పే స్టెప్పులు), దాని ఫలితం ఒకే వరుసలో ఉంటాయి. మొన్నటి బిల్డ్‌లో (టెస్ట్‌కు తయారైన సాఫ్ట్‌వేర్ కాపీలో) ఫెయిలైన కేసు నిన్నటి బిల్డ్‌లో పాసైతే, పాత మాట చెరిపి కొత్తది రాస్తాం. మొన్న ఏం జరిగిందో అక్కడితో పోయింది. దానికి తోడు ఇద్దరు చెరో కాపీ దగ్గర పెట్టుకుంటే ఏది సరైనదో ఎవరికీ తెలియదు.

టెస్ట్ మేనేజ్‌మెంట్ టూల్ చేసే అసలు పని ఈ రెంటినీ విడదీయడమే. కేసు ఒకచోట ఉంటుంది. దాన్ని నడిపిన ప్రతిసారీ ఏ బిల్డ్ మీద, ఎవరు, ఏ రోజు నడిపారో వేరుగా నమోదవుతుంది. ట్రయల్‌లో ఇది చూడండి: ఒకే కేసును రెండు బిల్డ్‌ల మీద నడపండి. తర్వాత ఆ కేసులో ఒక స్టెప్ మార్చండి. ఇప్పుడు పాత రన్ (అప్పుడు నడిపిన దాని నమోదు) తెరిస్తే అప్పటి స్టెప్ కనిపిస్తోందా, కొత్తదా? టెస్ట్‌రెయిల్‌లో రన్‌ను క్లోజ్ చేస్తే అది ఆ రోజు ఎలా ఉందో అలాగే నిలిచిపోతుంది. తెరిచి వదిలేసిన రన్‌లో మాత్రం కేసుకు చేసిన మార్పులు వచ్చి చేరతాయి. కాబట్టి రిలీజ్ అయిన రోజే రన్ క్లోజ్ చేసే అలవాటు కూడా టూల్‌తో పాటే రావాలి.

మందుల కంపెనీలకు సాఫ్ట్‌వేర్ చేసే టీమ్‌లకు ఈ విషయం ప్రాణం లాంటిది. హైదరాబాద్‌లో అలాంటి టీమ్‌లు తక్కువేం లేవు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వారి 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 నిబంధన వర్తించే రికార్డుల్లో ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో తేదీ, సమయంతో సహా నిలిచి ఉండాలి, పాత విలువ చెరిగిపోకూడదు. మీ పని ఆ కోవలోదైతే ఆడిట్ ట్రెయిల్ (ఇలాంటి మార్పుల చరిత్ర) లేని టూల్‌ను మొదటి రోజే పక్కన పెట్టండి.

ఇద్దరే టెస్టర్లు, నూట యాభై కేసులు ఉన్న టీమ్‌కు మాత్రం కొత్త టూల్ అవసరమే లేదు. ప్రతి రన్‌కు కొత్త షీట్ తెరిచి, కేసుల షీట్‌ను ముట్టుకోకుండా ఉంటే సరిపోతుంది.

"టూల్ ఉంది, కానీ ఎవరూ అప్‌డేట్ చేయరు"

వారమంతా ఖాళీగా ఉన్న ఫలితాలు శుక్రవారం సాయంత్రం ఒక్కసారిగా నిండిపోతున్నాయా? టెస్టర్ల బద్ధకం అనుకోకండి. టూల్‌ను ఎంచుకున్నది రిపోర్టులు చూసేవాళ్లు. రోజూ అందులో పని చేసేవాళ్లను ఎవరూ అడగలేదు.

నేను పనిచేసిన ఒక టీమ్‌లో ఒక కేసు రాయాలంటే పద్నాలుగు గళ్లు తప్పనిసరిగా నింపాల్సి వచ్చేది. ప్రయారిటీ, సివియారిటీ, రిస్క్, మాడ్యూల్, సబ్ మాడ్యూల్, అంచనా సమయం... అందులో సగం ఏ రిపోర్టులోనూ వాడేవాళ్లు కాదు. గత మూడు నెలల్లో ఎవరైనా ఫిల్టర్‌గా వాడిన గళ్లు ఏవని వెతికితే ఐదే తేలాయి. మిగతావి తీసేశాం. రెండు వారాల్లో ఫలితాలు ఏ రోజువి ఆ రోజు నమోదు కావడం మొదలైంది. టూల్ అదే, మారింది గళ్లు మాత్రమే.

కొనేటప్పుడు మీ టీమ్‌లో కొత్తగా చేరిన టెస్టర్‌ను కూర్చోబెట్టి, మీ సొంత కేసులు ఇరవై ఇవ్వండి. రన్ తెరవడం, ఫలితం పెట్టడం, స్క్రీన్‌షాట్ అతికించడం, తర్వాతి కేసుకు వెళ్లడం: ఒక్కో కేసుకు ఎన్ని క్లిక్‌లో లెక్కపెట్టండి. క్లిప్‌బోర్డు నుంచి స్క్రీన్‌షాట్ నేరుగా అతుకుతుందా, ముందు ఫైలుగా సేవ్ చేయాలా? చిన్న విషయంలా ఉంటుంది కానీ రోజుకు అరవై కేసులు నడిపే మనిషి సాయంత్రం ఇంటికి ఎప్పుడు వెళ్తారో అదే తేలుస్తుంది.

"డాష్‌బోర్డ్ అంతా పచ్చగా ఉంది, కస్టమర్ మాత్రం బగ్‌లు పంపుతున్నారు"

98 శాతం పాస్ అని కనిపిస్తుంటే దేంట్లో 98 శాతమో చూడండి. నడిపిన కేసుల్లోనా, నడపాల్సిన కేసుల్లోనా? నాలుగు వందల కేసుల్లో రెండు వందలే నడిపి 196 పాసైతే ఆ అంకె వస్తుంది. మిగిలిన సగం గురించి అది ఏమీ చెప్పదు. నడపనివి, బ్లాక్ అయినవి (వేరే ఇబ్బంది వల్ల నడపలేకపోయినవి) వేరే రంగులో మొదటి పేజీలోనే కనిపించేలా రిపోర్టు మార్చండి. అలా మార్చడానికి వీల్లేని టూల్ అయితే వద్దు.

"బగ్ జిరాలో, టెస్ట్ ఇంకెక్కడో"

జిరా అంటే బగ్‌లు, పనులు నమోదు చేసుకునే అట్లాసియన్ కంపెనీ టూల్. అందులో డెవలపర్ బగ్ సరిచేశారు. ఏ కేసు మళ్లీ నడపాలి? టెస్టర్ గుర్తు పెట్టుకుంటేనే తెలుస్తోందంటే రెండు వైపులా లింకు లేదన్నమాట. చాలా టూల్స్ 'జిరాతో ఇంటిగ్రేషన్ ఉంది' అంటాయి. అది కేసు నుంచి బగ్‌కు వెళ్లే లింకు మాత్రమే అయి, బగ్ వైపు ఏమీ కనిపించకపోవచ్చు.

ఇక్కడ దారులు రెండు. జిరా లోపలే ఉండే యాప్ తీసుకోవడం ఒకటి. ఎక్స్‌రేలో టెస్ట్ కూడా బగ్‌లాగే ఒక జిరా ఇష్యూనే (జిరాలోని ఒక నమోదే). అందువల్ల మీకు అలవాటైన సెర్చ్, పర్మిషన్లు, వర్క్‌ఫ్లో అన్నీ దానికీ పనిచేస్తాయి. కానీ కేసులు వేలల్లో ఉంటే జిరాలో ఇష్యూలూ అన్ని వేలు పెరుగుతాయి, డెవలపర్ల ఫిల్టర్లలోకి టెస్టులు వచ్చి పడతాయి. టెస్ట్‌రెయిల్ లాంటి విడి టూల్ తీసుకుని జిరాకు కలపడం రెండోది. క్యూఏకు సొంత చోటు దొరుకుతుంది, కానీ ఆ కలిపే తీగను ఎవరో ఒకరు చూసుకుంటూ ఉండాలి. డెవలపర్లు, టెస్టర్లు ఒకే స్ప్రింట్‌లో (చిన్న పని విడతలో) పక్కపక్కన పనిచేసే టీమ్‌కు నేను మొదటిదే చెబుతాను. అనేక ప్రాజెక్టులకు ఒకే క్యూఏ విభాగం పనిచేసే సర్వీస్ కంపెనీలకు రెండోది నయం.

ఏదైనా సరే, ట్రయల్‌లో పూర్తి చక్రం తిప్పి చూడండి: కేసు ఫెయిల్ చేయండి, అక్కడి నుంచే బగ్ తెరవండి, జిరాలో దాన్ని సరిచేసినట్టు మార్చండి, తిరిగి ఆ కేసు దగ్గరికి ఎలా చేరుతారో చూడండి.

"కొటేషన్ ఒకటి, బిల్లు ఇంకొకటి"

టెస్టర్లు పన్నెండు మంది. బిల్లు నూట ఎనభై మందికి వచ్చింది. ఇందులో మోసం లేదు. అట్లాసియన్ మార్కెట్‌ప్లేస్‌లో కొనే క్లౌడ్ యాప్‌లకు లైసెన్సు సాధారణంగా ఆ జిరాలో ఎంతమంది ఉంటే అంతమందికీ లెక్కవేస్తారు. వాళ్లలో యాప్ తెరిచేది పన్నెండు మందే అయినా లెక్క మారదు. కాబట్టి ధర అడిగేటప్పుడు టెస్టర్ల సంఖ్య చెప్పకండి, జిరాలో మొత్తం యూజర్ల సంఖ్య చెప్పండి. జిరా పెద్దది, క్యూఏ చిన్నది అయిన చోట సీటుకు ఇంత అని తీసుకునే విడి టూల్ చవక పడవచ్చు.

మైక్రోసాఫ్ట్ వారి అజూర్ డెవాప్స్ వాడేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. టెస్ట్ ప్లాన్లు తయారుచేసి నిర్వహించేవాళ్లకు బేసిక్‌తో పాటు టెస్ట్ ప్లాన్స్ లైసెన్సు కావాలి. వాటిని నడిపేవాళ్లకు బేసిక్ చాలు. అందరికీ పెద్ద లైసెన్సు కొనేసిన టీమ్‌లు ఉన్నాయి. ఎవరు రాస్తారు, ఎవరు నడుపుతారు అని ముందే విడదీసుకుంటే డబ్బు మిగులుతుంది.

టెస్ట్‌లింక్, కివి టీసీఎంఎస్ ఓపెన్ సోర్స్. లైసెన్సుకు రూపాయి అక్కర్లేదు. కానీ సర్వర్, బ్యాకప్, అప్‌గ్రేడ్ చూసుకునే మనిషి కావాలి. ఆ మనిషి పేరు ముందే రాసుకోలేకపోతే ఆ దారి వద్దు.

"ఆటోమేషన్ ఫలితాలు టూల్‌లోకి రావడం లేదు, వచ్చినవి రెండేసి ఉంటున్నాయి"

జెంకిన్స్‌లో (టెస్టులను వాటంతటవే నడిపించే సర్వర్‌లో) ఎనిమిది వందల టెస్టులు రాత్రిపూట నడుస్తాయి, టూల్‌లో మాత్రం మాన్యువల్ ఫలితాలే. లేదా ప్రతి సోమవారం అవే కేసులు కొత్త పేర్లతో పుట్టుకొస్తాయి. రెండో దానికి కారణం సులువుగా దొరుకుతుంది: టూల్ టెస్టులను పేరుతో గుర్తుపడుతోంది. ఎవరో కోడ్‌లో ఆ టెస్ట్ మెథడ్ పేరు మార్చారు, టూల్ దాన్ని కొత్త టెస్ట్ అనుకుంది.

పేరుతో కాకుండా నంబరుతో ముడివేయండి. టెస్ట్‌రెయిల్ అయితే కేసు నంబరు, ఎక్స్‌రే అయితే జిరా ఇష్యూ కీ కోడ్‌లోనే రాసి ఉంచాలి. తర్వాత పేరు ఎన్నిసార్లు మార్చినా ముడి తెగదు. ఫలితాలు పంపడానికి జేయూనిట్ ఎక్స్‌ఎమ్ఎల్ ఫార్మాట్ దాదాపు అన్ని ఫ్రేమ్‌వర్కులూ ఇస్తాయి, పెద్ద టూల్స్ తీసుకుంటాయి. సేల్స్ వాళ్ల నమూనా ఫైలు వద్దు, నిన్న రాత్రి మీ సర్వర్‌లో తయారైన ఫైలునే ఎక్కించి చూడండి. పారామీటర్లు ఉన్న టెస్టులు అక్కడే తడబడతాయి. ఒకే కేసు పది విలువలతో నడిస్తే పది ఫలితాలు వస్తున్నాయా, చివరిదే మిగులుతోందా?

"తెలుగు అక్షరాలు పోయాయి"

ప్రభుత్వ సేవల యాప్‌లు, బ్యాంకు యాప్‌లు, వార్తల యాప్‌లు తెలుగులో టెస్ట్ చేసేవాళ్లు ఇప్పుడు చాలామంది. టూల్ పోలిక పట్టికల్లో ఈ వరుస ఉండదు. నాకు మనసుకు దగ్గరైన విషయం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

అక్షరాల బదులు ఏం కనిపిస్తోందో దాన్ని బట్టి రోగం తెలుస్తుంది. వరసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే, సేవ్ అయ్యేటప్పుడే డేటాబేస్ అక్షరాలను పారేసింది. అవి తిరిగి రావు. సొంత సర్వర్ మీద పెట్టుకున్న టూల్ వెనక మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ టేబుల్ లాటిన్1లో (తెలుగు పట్టని ఎన్‌కోడింగ్‌లో) ఉంటే ఇలా జరుగుతుంది. దాన్ని తెలుగు పట్టే యూటీఎఫ్8ఎంబీ4కు మార్చి, మూల ఫైలు నుంచి మళ్లీ ఎక్కించాలి. అలా కాకుండా మీద గీతలూ చుక్కలూ ఉన్న రోమన్ అక్షరాల గజిబిజి కనిపిస్తే కంగారు పడకండి. అక్షరాలు భద్రంగానే ఉన్నాయి, చదివే ప్రోగ్రామ్ తప్పుగా చదువుతోంది. సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో రెండుసార్లు క్లిక్ చేసి తెరిచినప్పుడు వచ్చేది ఇదే. డేటా ట్యాబ్‌లోంచి ఇంపోర్ట్ చేసి, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఎంచుకుంటే సరిపోతుంది. ఆ గజిబిజి కనిపిస్తుండగా సేవ్ మాత్రం కొట్టకండి, అప్పుడు ఫైలు నిజంగానే పాడవుతుంది.

మూడోది పీడీఎఫ్ రిపోర్టుల్లో వస్తుంది. స్క్రీన్ మీద బాగున్న 'రాష్ట్రం' పీడీఎఫ్‌లో ముక్కలవుతుంది, వత్తులు కిందికి చేరకుండా పక్కన నిలబడతాయి. రిపోర్టు తయారుచేసే భాగానికి అక్షరాలను కూర్చడం చేతకాదు. ఫాంటు మార్చితే ఒక్కోసారి కుదురుతుంది, చాలాసార్లు కుదరదు. అప్పుడు హెచ్‌టీఎంఎల్ రిపోర్టు తెరిచి బ్రౌజర్ నుంచి పీడీఎఫ్‌గా ప్రింట్ తీసుకోవడమే దారి.

పొడవు సంగతి కూడా చూడండి. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం (హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు, సున్న లాంటిది) ఒక్కోటి మూడు బైట్లు. 'రాష్ట్రం' చూడటానికి చిన్న మాట, లోపల ఎనిమిది సంకేతాలు, అంటే 24 బైట్లు. గడి పరిమితిని బైట్లలో లెక్కేసే టూల్ అయితే మీ కేసు శీర్షిక మధ్యలో తెగిపోతుంది. ట్రయల్ రోజు 'స్త్రీ', 'రాష్ట్రం', 'శ్రీకాకుళం' ఉన్న ఒక కేసు రాసి, వెతికి, ఎక్స్‌పోర్ట్ చేసి, ప్రింట్ తీసి చూడండి. పది నిమిషాల పని.

"స్క్రీన్‌షాట్‌లో కస్టమర్ ఆధార్ నంబరు ఉంది"

టూల్ ఏదైనా ఇది ఈరోజే ఆపాలి. అసలు డేటాతో టెస్ట్ చేసి, ఆ స్క్రీన్‌షాట్‌ను క్లౌడ్‌లోకి ఎక్కిస్తున్నారు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దీన్ని కంపెనీ బాధ్యతగా కూడా చూస్తుంది. కల్పిత డేటా వాడండి. అటాచ్‌మెంట్ పూర్తిగా తొలగించే వీలు అడ్మిన్‌కు ఉందో లేదో కొనే ముందే కనుక్కోండి.

"ఈ టూల్ వదిలేద్దామంటే బయటికి రాలేకపోతున్నాం"

వరసలో చివర పెట్టాను కానీ ట్రయల్‌లో మొదట చేయాల్సిన పరీక్ష ఇది. ఎక్స్‌పోర్ట్ బటన్ అన్ని టూల్స్‌కూ ఉంటుంది. దాంట్లోంచి ఏం వస్తుందన్నదే ప్రశ్న. మేము ఒకసారి నాలుగు వేల కేసులు బయటికి తీస్తే ప్రతి కేసు స్టెప్పులన్నీ ఒకే గడిలో ముద్దగా వచ్చాయి, అటాచ్‌మెంట్లు అసలు రాలేదు, పాత రన్‌ల ఫలితాలు లేవు. ముగ్గురం ఐదు వారాలు వాటిని విడదీస్తూ కూర్చున్నాం.

టూల్ మీద ఇష్టం పోకపోయినా కదలాల్సి రావచ్చు. క్వాలిటీ సెంటర్ అనే టెస్ట్ మేనేజ్‌మెంట్ టూల్‌నే చూడండి: మెర్క్యురీ కంపెనీ నుంచి 2006లో హెచ్‌పీకి, 2017లో మైక్రో ఫోకస్‌కు, 2023లో ఓపెన్‌టెక్స్ట్‌కు వెళ్లింది. జిరా సర్వర్‌కు (సొంత సర్వర్ మీద పెట్టుకునే జిరాకు) అట్లాసియన్ 2024 ఫిబ్రవరి 15న సపోర్టు ఆపేసింది. దాని మీద టెస్ట్ యాప్‌లు పెట్టుకున్న టీమ్‌లు జిరా డేటాతో పాటు ఆ యాప్‌ల డేటాను కూడా వేరుగా తరలించుకోవాల్సి వచ్చింది.

ట్రయల్ మొదటి రోజు పది కేసులు ఎక్కించండి. స్టెప్పులు, ఒక బొమ్మ, రెండు రన్‌ల ఫలితాలు ఉండేలా చూసుకోండి. వెంటనే వాటిని బయటికి తీసి ఇంకో ట్రయల్ టూల్‌లోకి ఎక్కించండి. సీఎస్‌వీలో రానివి ఏపీఐ (ప్రోగ్రామ్ నేరుగా టూల్‌లోంచి డేటా అడిగే దారి) ద్వారా వస్తాయేమో మీ ఆటోమేషన్ ఇంజనీర్‌ను అరపూట కూర్చోబెట్టి రాయించండి. ఆ స్క్రిప్టును పారేయకండి. టూల్ కొన్నాక మూడు నెలలకోసారి నడిపి, వచ్చిన ఫైలు తెరిచి, కేసుల సంఖ్య టూల్‌లో ఉన్నదానితో సరిపోతోందో చూడండి.