షుగరు వైద్యులను కలిపే నోటుబుక్కు రాసుకోవడం ఎలా

మధుమేహానికి మందు రాసేది ఒక డాక్టరే అయినా, కంటి వైద్యుడు, ఆహార నిపుణురాలు, నర్సు, ఫార్మసిస్టు, ఊళ్లోని ఏఎన్‌ఎం కూడా చేయి వేస్తేనే జబ్బు అదుపులో ఉంటుంది. కోవూరు, పొదలకూరు వైపు పల్లెల్లో ఉండేవారికి వీరంతా ఒకచోట దొరకరు: రక్తపోటు ఊరి క్లినిక్‌లో చూస్తారు, కంటి పరీక్షకు నెల్లూరు వెళ్లాలి. కాబట్టి ఒకరి మాట మరొకరికి చేరవేసే పని ఇంటివారే చేయాలి. అందుకు నోటుబుక్కు ఒకటి చాలు.

మా అమ్మకు రెండు ఆస్పత్రుల్లో రాసిన చీటీల్లో మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్రే రెండు కంపెనీల పేర్లతో ఉంది. ఆమె రెండూ వేసుకుంది. విరేచనాలు పట్టుకుంటే తిండి పడలేదనుకున్నాము. చివరికి ఆ సంగతి పట్టుకున్నది ఫార్మసిస్టు. అందుకే మొదటి పేజీలో ప్రతి మాత్రకూ కంపెనీ పేరు, దాని కింద అసలు మందు పేరు, మోతాదు రాయించుకోవాలి.

తరువాతి పేజీలో మూడు నెలలకొకసారి చేయించే హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) ఫలితం రాయాలి. చాలామంది పెద్దలకు అది 7 శాతం లోపు ఉండాలంటారు గాని, వయసు మీరినవారికి డాక్టరు కొంత సడలించవచ్చు. కంటి రెటీనా, మూత్రంలో ఆల్బుమిన్ (మూత్రపిండాలు దెబ్బతింటే మూత్రంలోకి దిగే ప్రొటీను) పరీక్షలు ఏటా చేయించి తేదీలు వేయాలి.

ఆహార నిపుణురాలు అన్నం ఎంత తింటారని అడిగితే "కొంచెమే" అనడం మనకు అలవాటు. ఆ కొంచెమెంతో తెలియాలంటే, ఇంట్లో బియ్యం కొలిచే గ్లాసును వెంట తీసుకెళ్లి చూపడం మేలు. చేపల పులుసులో చేప తప్పు లేదు. ఆ పులుసు లాగించే నాలుగు ముద్దల అన్నంతోనే చిక్కు.

పాదాల పరీక్షను మాత్రం అడిగి చేయించుకోవాలి. రోగిని కళ్లు మూసుకోమని, 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో అరికాలిని అక్కడక్కడ తాకి, ఎక్కడ తగిలిందో చెప్పమంటారు. స్పర్శ తెలియని చోటును బుక్కులో పాదం బొమ్మ గీసి గుర్తు పెట్టించుకోవాలి. మడిలో చెప్పుల్లేకుండా దిగేవారికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు గనుక, రాత్రిపూట కోడలో కొడుకో ఆ గుర్తుల దగ్గర ముందుగా చూడాలి.

చెమటలు పట్టి చేతులు వణికి, షుగరు 70 కంటే తగ్గితే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించాలి. ఆ పూట ఏం తిన్నదీ, ఏ మందు వేసుకున్నదీ రాసి ఉంచితే, డాక్టరు మోతాదు మార్చడానికి ఆధారమవుతుంది. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేసి, బండి ఎక్కేటప్పుడు నోటుబుక్కును వెంట పెట్టుకోవాలి.