కలివికోడి పాఠాలు – 4: తీతువును మరిచిపోవడం ఎట్లా

"పొద్దు గూకినాక చెవి పెట్టండి" అని, కలివికోడి అనే అరుదైన పిట్ట కూత పట్టడం గురించి పోయిన పాఠంలో ఒక్క ముక్క రాసి వదిలేశాను. తప్పు నాదే. పదకొండు మంది ఫోన్లలో రికార్డు చేసి పంపారు. తొమ్మిదింటిలో కూసింది తీతువు. ఒకదాంట్లో పంపుసెట్టు. మిగిలినదాంట్లో "ఒరే, వినపడిందా?" అన్న మాట తప్ప ఇంకేమీ లేదు.

అడవిలోకి వెళ్లేవాళ్లకు అటవీశాఖ అనుమతి, బూట్లు, నీళ్లు ఉండాలన్నది మీకు తెలిసిందే.

తీతువు మిమ్మల్ని చూసి అరుస్తుంది. మీరు కదిలితే గొంతు పెంచుతుంది, లేచి నెత్తిమీద తిరుగుతుంది, పగలూ రాత్రీ దానికి ఒకటే. కలివికోడికి మీతో పని లేదు. కడప జిల్లా లంకమల కొండల కింద కలివి, రేగు పొదల మధ్య ఖాళీ నేలమీంచి "ట్విక్‌టూ, ట్విక్‌టూ" అని రెండు ముక్కల కూత తెగకుండా వస్తుంది. అది కూడా పొద్దు గూకిన ముక్కాలు గంటకు మొదలై, కొన్ని నిమిషాలే. మీరు లేచి నాలుగడుగులు వేస్తే కూత మారిందా? తీతువే. తలపైకి వచ్చిందా? తీతువే. మధ్యాహ్నం రెండింటికి విన్నారా? ఇంక నన్ను అడగొద్దు.

పేరులో కోడి ఉందని కోడంత పిట్ట కోసం వెతకొద్దు. కోడికన్నా బాగా చిన్నది, కాళ్లు పొడుగు. రొమ్ముమీద రెండు గోధుమరంగు పట్టీలు, కంటిపైన తెల్లగీత. 1900 తర్వాత కనపడక, లేదనుకున్న ఈ పిట్ట 1986లో అదే జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. దొరికింది బైనాక్యులర్లకు కాదు, రాత్రి టార్చితో పిట్టలు పట్టే మనిషికి.

అట్లాగని టార్చి వేయడం, ఫోనులో కూత వినిపించి పిలవడం మీరు చేయొద్దు. ఆ పని పరిశోధకులది. నేనైతే ఫోను బండి డిక్కీలోనే వదిలేస్తా.

అభ్యాసం: ఇప్పుడే లంకమలకు రావొద్దు. ముందు మీ ఊరి చెరువు వెనక బీడు నేలలో ఇరవై సాయంత్రాలు, గంటన్నర చొప్పున కదలకుండా కూర్చోండి. విన్న ప్రతి కూతకూ టైము, దిక్కు, మీరు కదిలారా లేదా రాయండి. పద్దెనిమిదో రోజు మానేసినవాళ్లు మళ్లీ ఒకటి నుంచి.