పాండిచ్చేరి వాకింగ్ టూర్: కాలువకు రెండు వైపులా చూడండి

పాండిచ్చేరిలో గైడ్‌ను మాట్లాడుకునేటప్పుడు ముందే ఒక మాట అడగండి: "కాలువకు పడమటి వైపు కూడా తిప్పుతారా?" ఊరిని రెండుగా చీల్చే ఈ కాలువకు తూర్పున ఫ్రెంచ్ పేట, పడమట తమిళ పేట ఉన్నాయి. చాలా టూర్లు పసుపు గోడల ఫ్రెంచ్ వీధులతోనే ముగిసిపోతాయి. ఊరి అసలు అందం సగం అవతలే ఉంది. తమిళ పేటలోని వైశ్యాల్ వీధిలో ఇళ్ల ముందు ఆగి చూడండి. కింద అరుగు, చెక్క స్తంభాలు తమిళ పద్ధతి. పై అంతస్తులో కమాను కిటికీలు ఫ్రెంచ్ పద్ధతి. ఒకే గోడ మీద రెండు ఊళ్లు! ఇక్కడ కనీసం అరగంట కేటాయించండి.

పొద్దున్నే మొదలుపెట్టాలి. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీదికి వాహనాలు రానివ్వరు కాబట్టి 1836 నాటి పాత లైట్‌హౌస్‌ను తీరిగ్గా చూడొచ్చు. తర్వాత డ్యూమా వీధి. ఇది సముద్రానికి సమాంతరంగా ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది కనుక పొద్దుటి ఎండ పడమటి వైపు ఇళ్ల మీదే పడుతుంది. ఫొటోలకు అటు వైపే చూడండి.

పది గంటలకు బయల్దేరితే ఎండ దంచేస్తుంది, మణక్కుళ వినాయగర్ గుడికి చేరేసరికి మధ్యాహ్నం తలుపులు మూసేస్తారు. మ్యూజియం కూడా చూడాలనుకుంటే సోమవారం పెట్టుకోకండి, ఆ రోజు సెలవు.