ఇంటర్వ్యూ బాగానే జరిగింది, మరి ఆఫర్ ఏది? టొరంటో వైపు కొత్తగా వచ్చినవారికి

కెనడాలోని టొరంటో, మిసిసాగా, బ్రాంప్టన్‌లకు కొత్తగా వచ్చిన మనవాళ్ల నోట తరచూ వినిపించే మాట: "రెండు రౌండ్లు అయ్యాయి, నవ్వుతూ మాట్లాడారు, తర్వాత చప్పుడు లేదు." ఇక్కడ నవ్వుతూ మాట్లాడటం మర్యాద కోసం. దాన్ని బట్టి ఏమీ అంచనా వేయలేం. చాలా చోట్ల, ముఖ్యంగా ప్రభుత్వ ఉద్యోగాల్లో, మీరు వెళ్లిపోయాక ప్యానెల్ వాళ్లు ఒక్కో ప్రశ్నకు రాసుకున్నది ముందేసుకుని పోల్చుకుంటారు. రాసుకోదగ్గది మీరు చెప్పారా లేదా అన్నదే అక్కడ లెక్క.

మనకు ఎక్కువ నష్టం "మేము" అనే మాట దగ్గరే. "మేం చేశాం, మా టీమ్ చేసింది" అని వినయంగా చెబితే, అందులో మీ వంతు ఎంతో రాసుకునేవాళ్లకు తెలియదు. "టెల్ మీ అబౌట్ ఎ టైమ్" (ఫలానా సందర్భం ఒకటి చెప్పండి) అని మొదలయ్యే ప్రశ్నకు జవాబు రెండు నిమిషాలు దాటకూడదు. నేపథ్యం రెండు వాక్యాల్లో ముగించి, తర్వాతదంతా "నేను" చేసిన పని చెప్పి, చివర ఒక అంకె ఇవ్వండి: "నెలాఖరు రిపోర్టుకు మూడు రోజులు పట్టేది, నేను షీటు మార్చాక ఒక్క రోజులో అయిపోయేది" అన్నట్టు. ఇలాంటివి ఆరేడు సిద్ధం చేసుకుంటే చాలు, ప్రశ్నలు తిరిగి తిరిగి వాటి దగ్గరికే వస్తాయి. లక్షలు, కోట్లు ఇక్కడివాళ్లకు అర్థం కావు, ముందే మిలియన్లలోకి మార్చుకోండి. సర్, మేడమ్ అక్కర్లేదు. పేరు పెట్టి పిలవడానికి మొదట నోరు రాదు, ఇంట్లో అలవాటు చేసుకోండి.

జీతం అడిగితే "మీ కంపెనీ పద్ధతి ప్రకారం" అనొద్దు. 2026 జనవరి 1 నుంచి టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలో 25 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలు ప్రకటనలోనే జీతం రేంజ్ ఇవ్వాలి. కొన్ని పెద్ద జీతాల ఉద్యోగాలకే మినహాయింపు. ఆ రేంజ్‌లో మధ్యకు కాస్త పైన ఒక అంకె చెప్పి ఆగండి. ప్రకటనలో కెనడా అనుభవం కావాలని అడగడం కూడా అప్పటి నుంచి కుదరదు.

లేచే ముందు రెండు విషయాలు అడగండి: నిర్ణయం ఎప్పటికి, రిఫరెన్సులు (మీ పని గురించి పాత మేనేజర్లను అడగడం) ఎప్పుడు. మర్నాటిలోగా ఐదు లైన్ల మెయిల్ పంపండి. ఉత్త కృతజ్ఞతలతో సరిపెట్టకుండా, సరిగ్గా చెప్పలేకపోయిన ఒక జవాబును అందులో సరిచేయండి. వాళ్లు చెప్పిన తేదీ దాటాక రెండు పనిదినాలు ఆగి ఒకసారి, ఇంకో వారానికి మరోసారి అడగండి. ఆపైన అడిగితే విసుగే. ప్రకటించిన ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేస్తే, చివరి ఇంటర్వ్యూ అయిన 45 రోజుల్లోగా నిర్ణయం జరిగిందో లేదో చెప్పాలన్న నియమం కూడా 25 మంది, ఆపైన ఉన్న ఆ సంస్థలకే ఉంది. కారణం మాత్రం చెప్పనక్కర్లేదు.

అంతా బాగుండి కూడా తప్పిపోయేది ఎక్కువగా రిఫరెన్సుల దగ్గరే. ఇద్దరు ముగ్గురు పాత మేనేజర్లతో మాట్లాడాలంటారు. హైదరాబాద్‌లోని పాత కంపెనీ హెచ్‌ఆర్‌కు మెయిల్ పెడితే సాధారణంగా చేరిన తేదీ, మానేసిన తేదీ తప్ప ఇంకేమీ రాదు. మేనేజర్ సొంత ఫోన్ నంబర్, మెయిల్ కావాలి. ప్లస్ వన్‌తో మొదలయ్యే తెలియని నంబర్ చూసి ఆయన స్పామ్ అనుకుని కట్ చేస్తారు, ఇక్కడి రిక్రూటర్ రెండుసార్లు ప్రయత్నించి తర్వాతి అభ్యర్థి దగ్గరికి వెళ్లిపోతారు. కాబట్టి ఆయనకు ముందే చెప్పి ఉంచండి. ఉద్యోగ వివరం, మీరు ఇంటర్వ్యూలో చెప్పిన రెండు పనులు వాట్సాప్‌లో పంపండి. లేకపోతే మీరొకటి చెబితే ఆయన ఇంకొకటి చెబుతారు. రిక్రూటర్‌కు సమయం కూడా మీరే సూచించండి: టొరంటోలో ఉదయం 10 అంటే హైదరాబాద్‌లో వేసవిలో రాత్రి 7.30, చలికాలంలో 8.30. ఒక్కరైనా ఇక్కడివాళ్లు ఉంటే మంచిది, వాలంటీరుగా మూడు నెలలు చేసిన చోటి సూపర్‌వైజర్ అయినా సరే.

నోటిమాట ఆఫర్ వచ్చినా చేతిలో ఉన్న మిగతా ఇంటర్వ్యూలు వదలకండి. లెటర్‌లో "కండిషనల్" అని ఉంటే బ్యాక్‌గ్రౌండ్ చెక్ పూర్తయ్యేదాకా అది ఖాయం కాదు. మొదటి మూడు నెలల్లో తీసేస్తే చట్టప్రకారం నోటీసు ఇవ్వనక్కర్లేదు కాబట్టి, ఉద్యోగం ముగింపు గురించి రాసిన పేరా చదివాకే సంతకం పెట్టండి. సిన్ నంబర్ (ప్రభుత్వం ఇచ్చే సోషల్ ఇన్సూరెన్స్ నంబర్) ఉద్యోగంలో చేరాక ఇచ్చేది. ఇంటర్వ్యూ దశలోనే అడిగినా, ఉద్యోగం ఇప్పించడానికి డబ్బు అడిగినా అక్కడితో వదిలేయండి.